బాయి లేని బెల్లంపల్లిలో రెండు రోజులు

పోయిన నెల కాజీపేటలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రికి బెల్లంపల్లిలో దిగాను. మామ స్టేషన్‌కు వచ్చాడు. చిన్నప్పుడు నా ఎండాకాలం సెలవులన్నీ ఈ బొగ్గు బాయిల ఊళ్లోనే గడిచాయి, అయినా అత్తమ్మకు బాగాలేదని తెలిస్తే గానీ ఇన్నేళ్లకు రాలేదు.

పొద్దున లేవగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. పొగ! అప్పట్లో క్వార్టర్ల లైన్లో ప్రతి ఇంటి ముందూ పచ్చి బొగ్గు కుప్పగా పోసి వెలిగించి, పొగంతా పోయి ఎర్రగా అయ్యేదాకా ఆగి అప్పుడు పొయ్యిలో వేసేవాళ్లు, ఆ పొగకు మాకు కళ్లు మండేవి, ఆరేసిన బట్టలకూ అదే వాసన. "పొగ పోయింది, నా దగ్గూ పోయింది బిడ్డా" అంది అత్తమ్మ.

మామ కోల్ ఫిల్లర్. బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని, ఎన్ని టబ్బులైతే అంత కూలి. తను పనిచేసిన పాత బాయి, అదే బొగ్గు గని, చూపిస్తానని తీసుకెళ్లాడు. గనిలోకి దిగే దారి మూతికి గోడ కట్టేశారు, చుట్టూ సర్కారు తుమ్మ. టబ్బులను పైకి లాగే హాలేజీ ఇంజిన్ ఉన్నచోట సిమెంటు దిమ్మె ఒక్కటే మిగిలింది, మామ దాని మీది ఆకులు చేత్తో తుడిచి కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకాలు 1920ల చివరికల్లా ఇటువైపు వచ్చాయి. తర్వాత యంత్రాలొచ్చాయి, పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గనులొచ్చాయి, ఊరిని ఆనుకుని ఉన్న పాత బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు కంపెనీ మొత్తంలో లక్ష మందికి పైగా కార్మికులుంటే ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. కంపెనీలో బెల్లంపల్లి ఏరియా అని పేరుంది గానీ జీఎం ఆఫీసు ఉన్నది గోలేటిలో, అది పక్కనున్న ఆసిఫాబాద్ జిల్లా.

అయినా ఊరు ఖాళీ అయిపోలేదు, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. కాంటా చౌరస్తాలో సాయంత్రం బాగానే సందడి ఉంది, బట్టల షాపులు, మిర్చి బండ్లు. కంపెనీ జాగాలో ఇళ్లు కట్టుకున్న చాలామందికి జీవో 76 కింద పట్టాలొచ్చాయి, పక్కింటాయన తన పట్టా కాగితం ప్లాస్టిక్ కవర్లోంచి తీసి మరీ చూపించాడు. కానీ మామ లైన్లో పిల్లలున్న ఇల్లు రెండే కనిపించాయి, మిగతా వాళ్లంతా హైదరాబాద్‌లో ఉద్యోగాలకు వెళ్లిపోయారు. నాకు బాధనిపించింది అక్కడే.

తిరుగు రైలు తెల్లవారుజామున. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా కాగజ్‌నగర్ వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చింది, అది వెళ్లిపోయేదాకా మామ నాతో మాట్లాడలేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"యాభై ఎనిమిది" అన్నాడు చివరి డబ్బా దాటాక.