అటక మీద ప్లైవుడ్: ఉప్పుగాలి ఊళ్లకు తగ్గట్టు

దూలాల మధ్య దూరం 2 అడుగులు మించకపోతే అటక నేలగా పరచడానికి 18 ఎంఎం ప్లైవుడ్ చాలు. 12 ఎంఎం కాలు పెడితే ఊగుతుంది. కావలి, ఒంగోలు వైపు తేమకు ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ రకమే, అంటే నీటిని తట్టుకునేదే కొనండి. కొట్టువాడు చవకైన ఎంఆర్ (తేమను కొంతమేరకే తట్టుకునే రకం) చాలంటాడు, వినొద్దు, పొరలు విడిపోతాయి.

8 అడుగుల షీటు 30 కిలోల పైమాటే, అటక ద్వారంలో పట్టదు. పొడవు తగ్గించకుండా 2 అడుగుల వెడల్పు పట్టీలుగా కోయించండి. కోసిన అంచులకు ప్రైమర్ పూయాలి. పట్టీలు దూలాలకు అడ్డంగా పరిచి, చివరలు దూలం మీదే ఆనేలా చూడండి. పొడుగు అంచుల కింద, దూలాల మధ్య అడ్డచెక్కలు బిగించాలి. అతుకుల్లో 3 ఎంఎం సందు వదలకపోతే కార్తీకం వానలకు ఉబ్బి లేస్తాయి.

మేకులొద్దు, కిర్రుమంటాయి. 50 ఎంఎం స్టెయిన్‌లెస్ స్క్రూలు అంచుల్లో 6 అంగుళాలకొకటి, మధ్యలో అడుగుకొకటి. చెదల మందు మాత్రం పరచకముందే దూలాలకు కొట్టించాలి.