చింతగింజలు, ఒక కేబుల్

ఈమధ్య ఒక మంగళవారం పొద్దున మా చిన్నది డబ్బాలో ఒక్క చింతగింజ కూడా వేయలేదు.

ఇది మా ఇంట్లో రోజూ ఉండేదే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అంటాను. వినబడినప్పుడల్లా ఒక గింజ వేయాలి. ఆరూ వేస్తే, వినబడటానికి ఆపరేషన్ చేసి పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్ మిషన్ బాగున్నట్టు. ఆ రోజు నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. బ్యాటరీ మార్చినా అంతే. చెవి వెనక మిషన్ నుంచి తలకి వెళ్లే కేబుల్ పాడైంది.

"ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఫ్రీగానే చేశారు కదా" అంది పక్కింటి వదిన. కాదనను. మా ఆయన సెంట్రింగ్ పని చేస్తాడు, నేను జాకెట్లు కుడతాను. ఆ కార్డు లేకపోతే మా పిల్లకి మాటే లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే కుటుంబానికి ఏడాదికి 2 లక్షల పరిమితి ఉన్నా, ఈ ఆపరేషన్‌కీ, తర్వాత మాట నేర్పే ఏవీటీకీ కలిపి 6.5 లక్షల దాకా ఇచ్చేవాళ్లు. మాకూ శబ్దం మెదడుదాకా వెళ్తోందో లేదో చూసే బెరా టెస్ట్, మూడు నెలలు మామూలు వినికిడి మిషన్ పెట్టి చూడటం, ఆపరేషన్, మూడు వారాలకి మిషన్ మొదటిసారి ఆన్ చేసే స్విచాన్, అన్నీ వరసగా జరిగాయి. మొదటి శబ్దానికి అది జడుసుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఏవీటీ కోసం వారానికి రెండుసార్లు జనగామ నుంచి హనుమకొండ బస్సు. ఆ ఏడాది కుట్టుపని సగానికి పడిపోయింది, సరే.

లోపల పెట్టినదానికి మామూలుగా ఏమీ కాదు. చెమటకీ, వానకీ పాడయ్యేది చెవి వెనక ఉండేదే. (కేబుల్ చివర తలకి అతుక్కునే బిళ్ల, కాయిల్, అందులో అయస్కాంతం ఉంటుంది. బీరువా పక్కనుంచి వెళితే టక్కున దానికి అతుక్కుంటుంది. మొదట్లో నవ్వుకునేవాళ్లం.) వారంటీ అయిపోయింది. ఒకచోట అడిగితే "స్పేర్ పార్టులు పథకంలోకి రావమ్మా" అన్నారు. కేబుల్ ఐదు వేల పైనే. లక్షలు పోసి తలలో పెట్టిన మిషన్ ఒక తీగ లేక పడి ఉంటే, ఆ లక్షలు ఎందుకు పెట్టినట్టు? ఏవీటీకి లెక్క వేసినవాళ్లు ఏడాదికో కేబుల్‌కి వేయలేరా?

చీటీ పాడి డబ్బు కట్టాం. కొరియర్ వచ్చేదాకా తొమ్మిది రోజులు. ఐదో రోజుకే నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది, పెదాలు చూడటానికి. ఎప్పుడో మానేసిన అలవాటు.

నిన్న కొత్త కేబుల్ తగిలించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి "స్" అన్నాను. గింజ వేసి, డబ్బా ఊపి చూసుకుంది.