తొమ్మిది కేరట్ల ఊరు

ధర చీటీ మీద "9 కేరట్ గోల్డ్" అని చూసి ముందు నమ్మలేదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, జ్యువెలరీ క్వార్టర్ అనే నగల పేటలో, వైజ్ స్ట్రీట్ పొడుగునా నగల కొట్లే. ఏ అద్దంలోకి తొంగిచూసినా 9 కేరట్ల ఉంగరాలు, 9 కేరట్ల గొలుసులు. అంటే వెయ్యి పాళ్లలో 375 పాళ్లే బంగారం, మిగతాది వెండో, రాగో, ఇంకేదో. దానికి మళ్లీ హాల్‌మార్కు! "ఇది బంగారమేంటే, బంగారం వాసన తగిలిన రాగి" అన్నాను మా చెల్లెలితో. "మెల్లగా అక్కా, ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కడైనా ఉంటారు" అంది.

నేను బందరులో పుట్టినదాన్ని. చిలకలపూడి పక్కన పెరిగాక గిల్టు నగలంటే చిన్నచూపు ఎలా ఉంటుంది? పెళ్లికూతుళ్ల నడుముకి ఎన్ని గిల్టు వడ్డాణాలు పెట్టామో. కానీ మావాళ్లు గిల్టుని గిల్టనే చెప్పి అమ్ముతారు. బంగారం అంటే మాత్రం 22 కేరట్లు, 916. అందులో బేరం లేదు.

అసలు వెళ్లింది నగలు కొనడానికి కాదు. ప్రయాణంలో నా గొలుసు కొక్కి ఊడింది. బాగు చేయించుకోవాలంటే ఊళ్లో అదే చోటని చెల్లెలు తీసుకెళ్లింది. స్నో హిల్ స్టేషన్‌లో రైలెక్కితే సరిగ్గా కూర్చోకముందే దిగాలి. ఆ మాత్రం దూరానికి టికెట్టు దండగని గొణుగుతూనే ఎక్కాను, వాన పడుతోంది మరి.

ముందు అడిగిన కొట్లో "మేం అమ్మినవే బాగు చేస్తాం" అన్నారు. ఇంకొకరు మేడ మీద పనివాడి దగ్గరికి పంపారు. ఇరుకు చెక్క మెట్లు, బెల్లు నొక్కితే కెమెరాలో మొహం చూసి తలుపు తెరిచారు. ఒక పెద్దాయన, ఆయన ముందు బల్ల. బల్ల అంచుని అర్ధచంద్రంలా కోసి, ఆ కోత కింద తోలు వేలాడదీశారు. ఆకురాయి పెట్టి రాకినప్పుడు రాలే పొడి అంతా ఆ తోల్లోనే పడుతుంది. తర్వాత దాన్ని పోగు చేసి కరిగిస్తారట.

కంటికి భూతద్దం పెట్టుకుని నా గొలుసులో ఆయన ముందు వెతికింది విరిగిన చోటు కాదు, ముద్ర. త్రికోణం గుర్తు, 22కె916, ఆరు అక్షరాల సంఖ్య, అన్నీ చూశాడు. "మీ దేశంలోనూ మొదలైందన్నమాట" అన్నాడు. 2021 నుంచి తప్పనిసరి చేశారని చెప్పాను. "మాకిక్కడ 1773 నుంచి" అన్నాడు, నవ్వకుండా.

గొలుసు లంకె ఒకటి గోటితో నొక్కి, ఇది మరీ మెత్తన, రోజూ వేసుకుంటే అరిగిపోతుంది, రాయి పొదిగితే పట్టు నిలవదు అన్నాడు. మాకు నగంటే అలంకారం ఒక్కటే కాదు, అవసరానికి తాకట్టు పెట్టుకునే ఆస్తి కూడా అన్నాను. "అయితే మీరు సోహో రోడ్‌కి వెళ్లాలి. 22 కేరట్లు అక్కడ మీ ఇండియన్ కొట్లలో దొరుకుతాయి" అని పని మొదలుపెట్టాడు. చిన్న మంట, రవ్వంత టంకం, మెరుగు. అంతా పది నిమిషాలు. ముప్పై ఐదు పౌండ్లు! దాదాపు నాలుగు వేల రూపాయలు. మా వీధి కంసాలి అయితే మాటు వేసి, మా పిల్లల చదువులు, అల్లుడి ఉద్యోగం అన్నీ అడిగి, ఇచ్చింది పుచ్చుకునేవాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, అది ఒప్పుకోవాలి.

ఆ 1773 మాట నన్ను వదల్లేదు. చదివితే, చూస్తే తెలిసిన కథ ఇది. ఆయన చెప్పిన సోహో రోడ్ ఉన్న హ్యాండ్స్‌వర్త్‌లోనే, 1760లలో, మాథ్యూ బౌల్టన్ అనే ఆసామి ఫ్యాక్టరీ కట్టాడు. తర్వాత జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి యంత్రాలు చేసిన బౌల్టనే. బొత్తాలు, బకిల్సులతో మొదలుపెట్టి వెండి సామాను దాకా వెళ్లాడు. వెండిని చట్టప్రకారం అమ్మాలంటే పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. బర్మింగ్‌హామ్‌లో ఆ ఏర్పాటు లేదు. దగ్గరలో ఉన్నది చెస్టర్, అదీ డెబ్బై మైళ్ల పైమాటే. అప్పటి రోడ్ల మీద బండిలో వెళ్లి వచ్చేసరికి గిన్నెలు సొట్టలు పడేవి, గీతలు పడేవి, చెప్పిన రోజుకి సరుకు అందేది కాదు.

మా ఊళ్లోనే ముద్ర వేసుకుంటామని బౌల్టన్, షెఫీల్డ్ వాళ్లతో కలిసి పార్లమెంటుకి అర్జీ పెట్టించాడు. లండన్ కంసాలులు ఒంటికాలి మీద లేచారు. అప్పటికే బర్మింగ్‌హామ్ సరుకంటే నకిలీ అని పేరు. అలాంటి ఊరికి ముద్ర ఇస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అని వాళ్ల వాదన. తీరా విచారణలో లండన్ వెండిలోనే కల్తీ బయటపడింది. చట్టం వచ్చింది. 1773 ఆగస్టు 31న న్యూ స్ట్రీట్‌లో కింగ్స్ హెడ్ అనే సత్రంలో అద్దె గదుల్లో ఆఫీసు తెరిచారు. మొదట్లో వారానికి ఒక్క మంగళవారమే పని. ముద్రేమో లంగరు! సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊరికి లంగరేమిటి? అర్జీ పనుల మీద లండన్ వెళ్లినప్పుడు క్రౌన్ అండ్ యాంకర్ అనే సారాయి కొట్లో సమావేశమయ్యేవారని, అందుకే షెఫీల్డ్‌కి కిరీటం, బర్మింగ్‌హామ్‌కి లంగరు వచ్చాయని ఇక్కడివాళ్లు కథ చెబుతారు. నాణెం ఎగరేసి పంచుకున్నారని కూడా అంటారు. అంత పెత్తనం చేసిన చెస్టర్ ఆఫీసు 1962లో మూతపడింది. లంగరు ముద్ర ఇప్పటికీ పడుతూనే ఉంది.

నా 9 కేరట్ల కోపానికి మూలం 1854లో ఉంది. అంతవరకూ ఇంగ్లండ్‌లో బంగారానికి ముద్ర పడాలంటే 22 గానీ 18 గానీ ఉండాలి. ఆ ఏడాది 15, 12, 9 కేరట్లకి కూడా అనుమతిచ్చారు. దాంతో చేతిలో నాలుగు డబ్బులున్న ప్రతివాళ్లకూ బంగారం అందింది. వాళ్ల కోసం నగలు చేసి పెట్టింది ఈ వీధులే. 1914 నాటికి ఈ కాస్త చోట్లో ఇరవై వేల మందికి పైగా ఇదే పని చేసేవారట. గుమస్తా భార్య వేలికి కూడా ఉంగరం పడిందంటే నేనెందుకు ఏడవాలి? 2025లో మన దేశంలో హాల్‌మార్కులు చూసే బీఐఎస్ కూడా 9 కేరట్లకి హాల్‌మార్క్ ఒప్పుకుంది. బంగారం ధర అలా తగలబడుతుంటే ఏం చేస్తారు! అయినా నాకు మనసొప్పలేదు.

అదే వీధిలో మ్యూజియం ఉంది. నిజానికి అది స్మిత్ అండ్ పెప్పర్ అనే నగల ఫ్యాక్టరీ. 1899లో పెట్టారు. 1981లో యజమానులైన అన్నదమ్ములూ, వాళ్ల సోదరీ ముసలివాళ్లై, తాళం వేసి వెళ్లిపోయారు. ఏదీ సర్దలేదు. బల్లల మీద పనిముట్లు, కొక్కేలకు మాసిన కోట్లు, కడగని టీ కప్పులు, పక్కన జామ్, మార్మలేడ్ సీసాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అచ్చుల్లో రేకు పెట్టి పైనుంచి బరువు దించే యంత్రాన్ని గైడు నడిపి చూపించాడు. ఈ క్వార్టర్‌లో చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోసేవారు కాదట, వడగట్టి అడుగున చేరిన బంగారం తీసుకునేవారు. పాత ఫ్యాక్టరీల నేల చెక్కలు పీకి కాల్చి, బూడిదలోంచి బంగారం తీసేవారట. టికెట్టు ధర ఎక్కువే, కానీ ఈ ఒక్క విషయానికే గిట్టుబాటైందని చెల్లెలు తీర్మానించింది.

మధ్యాహ్నం శాండ్‌విచ్ గురించి రాయకపోవడం మంచిది.

తిరిగి సిటీ సెంటర్‌కి న్యూహాల్ స్ట్రీట్ మీదుగా నడిచాం. ఇక్కడ ఎల్కింగ్టన్ కంపెనీ ఉండేది. కరెంటుతో వెండి, బంగారు పూత వేసే పద్ధతికి 1840లో పేటెంట్ తీసుకుంది వాళ్లే. అంటే మా చిలకలపూడి గిల్టు విద్యకి తాతగారు ఈ వీధి కాపురస్తుడన్నమాట! వింబుల్డన్‌లో ఆడవాళ్లకిచ్చే వెండి పళ్లెం 1864లో చేసింది కూడా ఈ కంపెనీయే. దాని మీదా కొంత బంగారు పూతే.

సెంటినరీ స్క్వేర్‌కి వచ్చేసరికి వాన తగ్గింది. అక్కడ బౌల్టన్, వాట్, వాళ్ల దగ్గర ఇంజనీరుగా చేసిన మర్డాక్ ముగ్గురూ ఓ కాగితం చుట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. తివాచీలు అమ్మేవాళ్లలా ఉన్నారని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తారట. విగ్రహం ఎండలో తళతళా మెరిసిపోతోంది. "బంగారమా?" అన్నాను. "కంచు అక్కా, పైన పూత" అంది చెల్లెలు.

లంగరు ముద్ర కోసం అంత రభస చేసిన మనిషికి చివరికి గిల్టే గతి. నాకెందుకో పొద్దుటి నుంచీ ఉన్న చిరాకు అప్పుడు పోయింది. ఫోటో తీసుకుని బస్సుకి పరిగెత్తాం.