న్యూయార్క్‌లో రెండు హంసల ముందు

న్యూయార్క్‌లోని గగ్గెన్‌హైమ్ మ్యూజియంలో 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా హిల్మా ఆఫ్ క్లింట్ బొమ్మల ప్రదర్శన నడిచింది. వదిన టికెట్లు ముందే తీసి ఉంచింది కాబట్టి బతికిపోయాం. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం.

హిల్మా 1862లో స్వీడన్‌లో పుట్టింది. బయటికి పూలూ, ప్రకృతి దృశ్యాలూ గీసే చిత్రకారిణి. మరోపక్క 1906 నుంచి 1915 దాకా, ఎప్పుడో కట్టబోయే ఆలయం కోసమని 193 బొమ్మలు వేసింది. ఆ ఆలయంలో దారి మెలికలు తిరుగుతూ పైకి పోవాలని ఆమె కోరిక. అది కట్టనే లేదు. కానీ గగ్గెన్‌హైమ్‌లో మనం ఎక్కేది అచ్చంగా అలాంటి వాలుదారే.

ఆమె లెక్కలో నీలం స్త్రీ, పసుపు పురుషుడు, రెండూ కలిస్తే ఆకుపచ్చ. నిజం చెప్పొద్దూ, ఇది విన్నప్పుడు స్కూలు చార్టులా అనిపించింది. హంసల వరస దగ్గరికి వెళ్ళాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

1914-15లో వేసిన 24 బొమ్మలవి. మొదటిది ఒకటిన్నర మీటరు చదరం. పైసగం నలుపు మీద తెల్లహంస, కిందిసగం తెలుపు మీద నల్లహంస. ముక్కులు సరిగ్గా మధ్యగీత మీద తగులుతున్నాయి. తెల్లదాని ముక్కూ కాళ్ళూ నీలం, నల్లదానివి పసుపు. దగ్గరికెళ్ళి చూస్తే అది ముద్దో పోట్లాటో తేలదు.

"పైనుంచి మీద పడుతోందే, అదేగా మగది?" అంది వదిన.

"నీలం ముక్కు చూడండి వదినా, అది ఆడది."

"అయితే ఈవిడ బాగా గడుసుదే!"

ముందుకు వెళ్ళేకొద్దీ హంసలు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. తర్వాత హంసలే ఉండవు. వలయాలు, ఘనాలు మిగులుతాయి. చివరి బొమ్మలో మళ్ళీ వచ్చి పెనవేసుకుంటాయి. మన హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుంది. ఇక్కడివి వేరుపడే ఆలోచనలోనే లేవు. మగవాడి మనసులోని స్త్రీకి ఆనిమా అనీ, ఆడదాని మనసులోని పురుషుడికి ఆనిమస్ అనీ మనస్తత్వవేత్త యూంగ్ పేర్లు పెట్టాడు. చదివినప్పుడల్లా ఆ రెండూ రాజీకొచ్చి బుద్ధిగా పక్కపక్కన కూర్చుంటాయనుకునేదాన్ని. ఈ బొమ్మల్లో ఆ రాజీ అంత తేలిగ్గా రాదు. ఈకలు ఊడాకే వస్తుంది.

ఇంకా పైన 1915 నాటి మూడు పెద్ద పటాలున్నాయి. త్రిభుజాలు, సూర్యబింబం, బంగారు మెరుపు. నాకవి అంతగా ఎక్కలేదు. గొడవంతా తీరిపోయాక వేసినట్టున్నాయి. వదినకు మాత్రం అవే నచ్చాయి. "ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉండాలా ఏంటి?" అని సబ్‌వేలో కూడా నాతో వాదిస్తూనే ఉంది.