జొన్న దంటు, ఇనుప గానుగ, మా అబ్బాయి

పరాయి దేశంలో పిల్లలను పెంచే మాలాంటివాళ్లం సంస్కృతి అనగానే ఆదివారం తెలుగు బడి, సంక్రాంతి ముగ్గులు, కూచిపూడి తరగతులు అని వేళ్లు మడుస్తాం. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, వాటన్నింటిలోనూ అన్నీ తెలిసినవాళ్లు పెద్దలే, పిల్లలు ఎప్పటికీ నేర్చుకునేవాళ్లే. కర్నూలు జిల్లా ఆలూరు వైపున ఉన్న మా నాన్న చేలో తీపి జొన్న వేసి, దాని దంటు రసాన్ని పానకంగా, అంటే చిక్కటి పాకంగా కాచినప్పుడు మాత్రం ఆ వరస చెదిరింది. పైరు సంగతి తాతకు తెలుసు, పానకం సంగతి మనవడికి తెలుసు. ఒకరి మాట ఒకరు వినక తప్పలేదు.

మేముండే జార్జియా రాష్ట్రంలో, ఉత్తరాన కొండల మధ్య బ్లెయిర్స్‌విల్ అనే ఊళ్లో ఏటా అక్టోబరులో జొన్నపానకం పండుగ జరుగుతుంది. 1850లలో ఫ్రాన్సు మీదుగా అమెరికా చేరిన చైనా తీపి జొన్న, అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది చక్కెర ఉత్తరాదికి అందకుండా పోయినప్పుడు పల్లెటిళ్లకు ఆధారమై, తరవాత దక్షిణాది కొండప్రాంతాల్లో స్థిరపడిపోయింది. గానుగ దూలానికి గుర్రాన్నో కంచరగాడిదనో కట్టి తిప్పించడం, పిండిన రసాన్ని అడ్డగట్లున్న పొడవాటి రేకు పెనంలో ఒక చివర పోసి, మరో చివరకు చేరేసరికి పానకం చేయడం అక్కడి పాత పద్ధతి. నేను గానుగను చూసి మురిసిపోతూ ఉంటే మా అబ్బాయి వేరేదాన్ని పట్టుకున్నాడు. అవ్వ రొట్టె చేసేది ఈ జొన్నతోనే కదా, మరి వీళ్లు కంకులు కోళ్లకు వేసి దంటు ఉంచుకుంటారేమిటి అన్నది వాడి ప్రశ్న. దానికి సమాధానం ఊళ్లోనే వెతుక్కోవలసి వచ్చింది.

ఫోనులో సంగతి విని నాన్న నవ్వాడు. చిన్నప్పుడు చేలో దంట్లు విరుచుకుని నమలడం ఆయనకు తెలియనిది కాదు, కాని దంటు కోసమే జొన్న వేయడం ఆయన ఎరగడు. మన దేశంలోనూ ఎస్‌ఎస్‌వి 84 వంటి తీపి జొన్న రకాలున్నాయి. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ తీపి జొన్న నుంచి పానకం తీయడంపై చాలాకాలం పనిచేసింది. నాన్న ఎట్లాగో విత్తనం సంపాదించి, వినాయక చవితి దాటాక నల్లరేగడిలో ఒక చెక్కలో గొర్రుతో విత్తాడు. నిజానికి ఈ పంటకు వానాకాలమే మేలు. పగళ్లు పొట్టివై చలి ముదిరితే దంటు ఎత్తు పెరగదు, రసమూ తగ్గుతుంది. మా సెలవులు డిసెంబరులో కాబట్టి ఆ నష్టానికి ఒప్పుకుని, బోరు తడితో పైరును నిలబెట్టాడు.

గింజ పాలు ఇంకి గట్టిపడుతున్న రోజుల్లో దంటులో తీపి బాగా ఉంటుంది. అప్పుడు ఆకు దూసి, కంకి తుంచి, మొదలంటా కోశాం. కోసిన చెక్క చుట్టూ నాన్న ఆ సాయంత్రమే కంప వేయించాడు. మోళ్ల నుంచి లేచే లేత పిలకలు మేస్తే ఎద్దులకు నాము తగులుతుందని ఆయన చెప్పగానే మా అబ్బాయి ఫోను తీసి చదివాడు: లేత జొన్నలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది, అది పశువు పొట్టలో హైడ్రోజన్ సయనైడును విడుదల చేస్తుంది. తాతకు ఇది ఎవరు చెప్పారని వాడికి ఆశ్చర్యం. "మా నాయన ఎద్దును పోగొట్టుకుని తెలుసుకున్నాడు లేరా," అన్నాడు నాన్న.

నంద్యాల వైపు కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద ఒకప్పుడు చెరకు వేసిన బంధువుల కొట్టంలో మూలన పడి ఉన్న మూడు రోలర్ల ఇనుప గానుగను ట్రాక్టరులో తెచ్చి, తుప్పు గీకి, ఆముదం పూసి, ఎద్దులను కట్టారు. అసలు పంచాయితీ రసం చేతికొచ్చాక మొదలైంది. చెరకు రసం నిలవుంటే పులుస్తుంది కాబట్టి వెంటనే పొయ్యి మీదకు ఎక్కించాలని, మురికి విరిగి తేలడానికి కొంచెం సున్నం వేయాలని నాన్న పట్టు. కొన్ని గంటలైనా కదపకుండా ఉంచాలని వీడి పట్టు. చివరికి ఉంచారు. పైరసం వంచేసరికి బిందె అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది. నాన్న దాన్ని వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, "గంజి," అన్నాడు. ఆ గంజి ఉంటే పానకం చిక్కబడకుండా జిగురైపోతుందని అబ్బాయి వివరించాడు. సున్నం ఊసు మళ్లీ రాలేదు.

కాచడం మొదలయ్యాక పచ్చటి తెట్టు నురుగుతో పొంగి అంచులకు చేరుతుంది. దాన్ని చిల్లుల గరిటెతో ఎడతెగకుండా తీసివేయాలి. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లవాడు అక్కడ "మంట తగ్గించు తాతా, పొంగుతాంది" అని అరిచాడు. తాతకు ఇంగ్లీషు రాదు, పెనం ఆగదు. ఇన్నేళ్ల ఆదివారం బడి ఫీజులు ఆ క్షణాన నాకు గుర్తుకు వచ్చాయని దాచుకోను. సుమారు పది పాళ్ల రసానికి ఒక పాలు పానకం మిగులుతుంది గనుక ఆ అరుపులకు చాలా సమయమే దొరికింది. పాకం గరిటె నుంచి జారే తీరు చూసి నాన్న దించమన్నాడు, 108 డిగ్రీలు దాటలేదని థర్మామీటరు పట్టుకున్నవాడు వద్దన్నాడు. ఎవరిది సరైన లెక్కో నేను తీర్పు చెప్పను. అచ్చులు పోద్దామని నాన్న పళ్లెంలో వేసిన పాకం మాత్రం మరునాటికీ గట్టిపడలేదు, ఎందుకంటే జొన్న రసంలో చెరకు కంటే గ్లూకోజు, ఫ్రక్టోజుల పాలు ఎక్కువ, అవి పలుకు కట్టనీయవు.

పొద్దున మా అమ్మ రొట్టెలు కాలుస్తుంటే, అబ్బాయి జార్జియాలో బిస్కెట్లని పిలిచే మెత్తటి రొట్టెల మీద వేసుకున్నట్టే వేడి జొన్నరొట్టె మీద వెన్న, పానకం వేసుకున్నాడు. రొట్టెలోకి ఎర్రకారం ఉండగా ఈ తీపేమిటని అమ్మ విసుక్కుంది. మనవడు ఒక ముక్క తుంచి ఇస్తే నాన్న తీరిగ్గా నమిలి, "వెన్న బాగుందిరా," అన్నాడు.