విజయనగరం పిల్లల ఐస్ హాకీ ప్రశ్నలు

మా విజయనగరంలో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు నిన్న సాయంత్రం ఐస్ హాకీ గురించి అడిగిన ప్రశ్నలు నాకు ఎంతో సంతోషాన్నిచ్చాయి. ఒక్కో సమయంలో మంచు మీద జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి 6 మంది ఉంటారని, ఆట 20 నిమిషాల చొప్పున 3 భాగాలుగా సాగుతుందని చెబితే ఇట్టే అర్థం చేసుకున్నారు గానీ, ఆఫ్‌సైడ్ దగ్గర అందరూ ఆగిపోయారు. అప్పుడు నేల మీద సుద్దముక్కతో గీత గీసి, అది ప్రత్యర్థి వైపు భాగం మొదలయ్యే నీలిగీత అనుకోమని చెప్పి, పక్ (బంతికి బదులు వాడే గుండ్రటి రబ్బరు బిళ్ల) ఆ గీతను దాటకముందే దాడిచేసే ఆటగాడి రెండు స్కేట్లూ పూర్తిగా అవతలికి వెళ్లిపోతే ఆఫ్‌సైడ్ అవుతుందని చూపించాను. వెంటనే ఒక పాప గీతకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడి, "ఇది తప్పు కాదు కదండీ?" అని అడిగింది. నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న; తప్పు కాదు.

ఈ ఆటతో బతకగలమా అన్న ప్రశ్నకు మాత్రం నిదానంగా జవాబిచ్చాను, ఎందుకంటే పిల్లలకు లేని ఆశలు కల్పించడం నాకు ఇష్టం ఉండదు. మన దేశంలో ఈ ఆటకు లద్దాఖే పట్టుకొమ్మ. అక్కడ సైన్యంలో, ఐటీబీపీలో (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళంలో) ఉద్యోగం చేస్తూ ఆడేవారున్నారు. 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచిందని చెప్పినప్పుడు వారి ముఖాలు వెలిగిపోయాయి. శిక్షకులుగా, రిఫరీలుగా కూడా స్థిరపడవచ్చని, అయితే చదువు మానవద్దని చెప్పాను.