వెన్నెలతో పాటు మేమూ ఊరు మారాం

మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి ఉప్పల్ నుంచి మా డీసీఎం లారీ బయలుదేరింది. ఇంటి సామాను మర్నాడు రావాలి. ఆ రాత్రి బండిలో ఉన్నది మా గుర్రం వెన్నెల, దాని పగ్గం పట్టుకుని మా ఆయన, ఒక డ్రమ్ము నీళ్ళు, నాలుగు కట్టల గడ్డి. నేనూ పాపా అత్తమ్మా వెనక కారులో. జనగామ దాటాక బండి ఆపి నీళ్ళు పెడితే అది తాగలేదు, మూతి తడుపుకుని వదిలేసింది. హనుమకొండ వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. నర్సంపేట దాటి, పాకాల వైపు మా ఊరికి చేరేసరికి కోళ్ళు కూస్తున్నాయి.

వెన్నెల నుక్రా రకం ఆడగుర్రం. ఒళ్ళంతా తెలుపు, మూతి దగ్గర గులాబీ రంగు. వయసు పద్నాలుగు. పదకొండేళ్ళు వచ్చేదాకా పాతబస్తీలో పెళ్ళి బరాత్‌లకు తిరిగింది. బ్యాండు మోత, టపాకాయలు, తారురోడ్డు మీద గంటల తరబడి నిలబడటం. ముందుకాలు కీలు వాచి ఇక పనికి రాదని అమ్మకానికి పెట్టినప్పుడు, రోజూ ఆ దారిన ఆఫీసుకు వెళ్ళే మా ఆయన కొనుక్కొచ్చారు. ఆ రోజు నేను చాలా కోప్పడ్డాను. వారం తిరక్కుండానే దానికి పొద్దున ఉలవలు పెట్టే పని నాదైపోయింది.

ఊరు మారడానికి కారణం డబ్బే. ఇంటి అద్దె 18 వేలు, వెన్నెలను ఉంచిన చోట నెలకు 16 వేలు. మా ఆయన ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చన్నాక లెక్క వేసుకున్నాం. ఇక్కడ పెంకుటిల్లు, వెనక పశువుల కొట్టం, బోరు, ఇరవై గుంటల బీడు, అన్నీ కలిపి నెలకు 6 వేలు. పాప బడి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. బయలుదేరే ముందు పశువుల డాక్టరు దగ్గర ఆరోగ్య పత్రం తీసుకున్నాం. గ్లాండర్స్ పరీక్ష కోసం రక్తం హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించాం. అది గుర్రం నుంచి మనిషికి కూడా అంటుకునే జబ్బు. ఊళ్ళో అందరి పశువుల మధ్యకు తీసుకొస్తున్నప్పుడు ఆ కాగితం చేతిలో ఉండటం మా బాధ్యత అనిపించింది.

ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూడటానికి కాదు, వెన్నెలను చూడటానికి వచ్చారు. కురుమల ఇంటి పెద్దాయన ఒకాయన "మల్లన్న గుర్రం బిడ్డా ఇది" అంటూ దాని నొసట బండారి పసుపు పెట్టారు. ఎదురింటి అవ్వ మాత్రం కొట్టం దాకా రాలేదు, అరుగు మీదే నిలబడి చూసింది. ఎందుకు రావడం లేదని రెండో రోజు అత్తమ్మ అడిగితే చెప్పింది: "నా చిన్నప్పుడు దొర గుర్రమెక్కి వస్తుంటే చెప్పులు చేత పట్టుకొని పక్కకు నిలబడేటోళ్ళం బిడ్డా. దాని డెక్కల సప్పుడు ఇంటే ఇప్పటికీ గుండె దడదడ అంటది." ఆ మాట విన్నాక వెన్నెలను ఆమె ఇంటి ముందు నుంచి నడిపించడం మానేశాం. చేను గట్టు మీదుగా తిప్పి తీసుకెళ్తున్నాం.

మేత దొరకడం సులువే అనుకున్నాం. చుట్టూ వరి, మొక్కజొన్న, పత్తి, మిర్చి. కానీ ఇక్కడ అందరికీ తెలిసింది ఎడ్లూ బర్రెలూ. గుర్రానికి నెమరు లేదు, ఒకటే పొట్ట, తిన్నది కక్కలేదు. బర్రెకు బలమైనది దీనికి విషం కావచ్చు. పాడిపశువుల దాణాలో కొన్నింట్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకు మేలు చేసేదే గుర్రం గుండెను ఆపేస్తుంది. పక్క రైతు ప్రేమగా సూపర్ నేపియర్ కోసి ఇస్తానన్నాడు. దాంట్లో ఆక్సలేట్లు ఎక్కువ, రోజూ అదే పెడితే కాల్షియం ఒంటపట్టక ఎముకలు గుల్లబారతాయి. రోడ్ల మీద ఆరబోసిన మొక్కజొన్నకు వాన తగిలి బూజు పడితే అది ఏకంగా మెదడునే దెబ్బతీస్తుంది. ఇవన్నీ ఒక్కొక్కరికీ చెప్పి, "మేం పెట్టింది తప్ప ఇంకేం పెట్టకండి" అనడం ఎంత కష్టమో! ప్రేమతో తెచ్చిన గంప వెనక్కి పంపడానికి నోరు రాదు.

అలా నోరు రాకపోవడం వల్లే శ్రావణంలో ఒక రోజు జరగకూడనిది జరిగింది. మేం నర్సంపేటకు వెళ్ళిన మధ్యాహ్నం ఎవరో కొట్టంలో మోపెడు వరిగడ్డి వేశారు, పక్కనే తవుడు కలిపిన కుడితి. సాయంత్రం వచ్చేసరికి వెన్నెల తొట్టి వైపు చూడటం లేదు. మాటిమాటికీ తల తిప్పి తన పక్కటెముకల వైపు చూసుకుంటోంది. ముందు కాలితో నేల గీకింది, పడుకుంది, దొర్లింది, లేచింది. మధ్యాహ్నం నుంచి పేడ వేయలేదు. డొక్కకు చెవి ఆనించి విన్నాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లోపల దూరంగా ఉరిమినట్టు గుడగుడ వినిపిస్తూనే ఉంటుంది. ఆ రాత్రి కుడివైపు ఏమీ లేదు. గోడకు చెవి పెట్టినట్టే ఉంది.

ఫోన్ చేసిన మొదటి డాక్టరు "గుర్రం కేసు నేను చూడను" అని పెట్టేశారు. ఆయన్ను తప్పుపట్టను, కానీ ఆ నిమిషంలో నా కాళ్ళు వణికాయి. రెండో ఆయన హనుమకొండ నుంచి బయలుదేరుతూ, వచ్చేదాకా నడిపించమన్నారు, దొర్లనివ్వొద్దన్నారు. ఊళ్ళలో పశువులకు ప్రాథమిక వైద్యం చేసే గోపాలమిత్ర, పక్క ఊరి అబ్బాయి, ముందుగా వచ్చి, డాక్టరు ఫోన్లో చెప్పినట్టే నొప్పికి ఇంజెక్షన్ చేశాడు. కాలువ గట్టు మీద మా ఆయన పగ్గం పట్టుకుంటే నేను పక్కన, అత్తమ్మ ముందు టార్చిలైటు పట్టుకుని. చెమటకు వెన్నెల మెడ మీది జూలు తడిసి అట్టలు కట్టింది. ఒంటి గంటకు డాక్టరు గారు వచ్చి, పేగుల్లో అడ్డుపడిన మేత జారడానికి ముక్కులోంచి గొట్టం వేసి నాలుగు లీటర్ల లిక్విడ్ పారాఫిన్ నూనె పోశారు. గొట్టం వేస్తున్నంతసేపూ నేను దాని చెవి మొదట్లో నిమురుతూనే ఉన్నాను.

నాలుగున్నరకు తోక ఎత్తింది. గట్టిగా, నల్లగా, నిమ్మకాయలంత మూడు ఉండలు పడ్డాయి. అత్తమ్మ టార్చి వేసి చూసి "పడ్డయి, పడ్డయి" అని ఏడ్చేసింది. నేనూ అంతే.

ఆ రాత్రి తర్వాతే నాకు ఊరు మారడమంటే ఏమిటో తెలిసింది. ఇల్లు వెతికేటప్పుడు అద్దె చూశాం, నీళ్ళు చూశాం, బడి చూశాం. రాత్రి పన్నెండింటికి పిలిస్తే ఎవరొస్తారో చూడలేదు. గుర్రంతో పల్లెకు రావాలనుకునేవాళ్ళు ముందు డాక్టరును వెతుక్కోండి, ఆ తర్వాతే ఇంటిని. నేను మర్నాడే మామునూరు పశువైద్య కళాశాల ఎంత దూరమో, ఏ దారిన డీసీఎం తొందరగా వెళ్తుందో చూసిపెట్టుకున్నాను. సంచార పశువైద్యశాల నంబరు 1962 కొట్టం తలుపు మీద సుద్దతో రాశాం. కొట్టానికి అడ్డుకర్ర పెట్టాం. కోపంతో పెట్టింది కాదని వాడకట్టులో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. గడ్డి వేసింది ఎవరో అడగలేదు.

ఇప్పుడు మేత కుదిరింది. కాలువ గట్ల మీది గరిక కోసి ఆరబెట్టి పెట్టడానికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. గుర్రానికి గరికను మించింది లేదు, మా అదృష్టం కొద్దీ అది ఇక్కడ కావాల్సినంత. వెన్నెల బరువు 350 కిలోల దాకా ఉంటుంది, రోజుకు ఏడెనిమిది కిలోల ఎండు మేత కావాలి. ఉలవలు నానబెట్టి ఉడికించి పెడతాం. రోజుకు ముప్ఫై లీటర్ల నీళ్ళు తాగుతుంది. వానాకాలం జోరీగలు కుడితే సర్రా అనే జబ్బు వస్తుందని సాయంత్రం పూట వేపాకు పొగ వేస్తున్నాం. డెక్కలకు ఇనుప నాలు కొట్టే ఆయన కోసమే బాగా వెతకాల్సి వచ్చింది. ఊరి కమ్మరికి ఎడ్ల నాలు తెలుసు, కానీ ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. చివరికి వరంగల్‌లో బరాత్ గుర్రాలు పెట్టుకున్న ఒక కుటుంబం దొరికింది. ఆయన ఏడు వారాలకోసారి వస్తాడు. మొదటిసారే కాళ్ళు చూసి, ఈ మెత్తటి నేల మీద నాలు అక్కర్లేదని ఊడదీసేశాడు. కీలు వాపు కూడా చాలా తగ్గింది.

ఖర్చు హైదరాబాద్‌లో అయినదాంట్లో సగం కంటే తక్కువే. మిగిలిన దాంట్లోంచి నెలకు రెండు వేలు విడిగా తీసి పెడుతున్నాం, అది వెన్నెల డాక్టరు డబ్బు, దాన్ని ఇంకెందుకూ ముట్టుకోం.

నాలు తీసేశాక వెన్నెల నడకలో చప్పుడు పోయింది. మట్టిబాట మీద మెత్తగా పడతాయి కాళ్ళు. మొన్న చేను గట్టు దారి నీట మునిగితే వేరే దారి లేక ఎదురింటి ముందు నుంచే తీసుకెళ్ళాల్సి వచ్చింది. ముందుగా వెళ్ళి అవ్వకు చెప్పాను. ఆమె అరుగు మీద నుంచి లేవలేదు, లోపలికీ పోలేదు. వెన్నెల దాటిపోయాక "సప్పుడే లేదు కదనే" అంది.